రోంగెలాప్ వాళ్ల రక్తంలో రేడియోధార్మిక ఇనుము: చేపల నుంచే ఎందుకు వచ్చింది?

పోషణ_పాఠం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ పిల్లలకు న్యూట్రిషన్ చెబుతాను. ఇనుము పాఠం కోసం చదువుతుంటే పసిఫిక్ సముద్రంలోని మార్షల్ దీవుల సంగతి కంటపడింది. అప్పటినుంచి మనసు దాని మీదే ఉంది.

నాకు తెలిసినంతవరకు చెబుతాను. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవిలో ‘బ్రావో’ అనే హైడ్రోజన్ బాంబు పేల్చింది. దాదాపు ఆరు మెగాటన్నులు ఉంటుందనుకున్నది 15 మెగాటన్నులైంది. నూట యాభై కిలోమీటర్లకు పైగా తూర్పున ఉన్న రోంగెలాప్ దీవి మీద కొన్ని గంటల్లోనే తెల్లటి పొడి రాలింది. అక్కడ ఉన్నది 64 మంది. పక్కనే ఐలింగినేలో మరో 18 మంది. రెండు రోజుల తర్వాత గానీ వాళ్లను అక్కడినుంచి తీసుకెళ్లలేదు. 1957లో, ఇక ఫరవాలేదని చెప్పి మళ్లీ రోంగెలాప్‌కే చేర్చారు. ఆ తర్వాత అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ల్యాబ్ డాక్టర్లు ఏటా వచ్చి వాళ్లను పరీక్షించేవారు.

ఆ పరీక్షల్లోనే వాళ్ల రక్తంలో ఐరన్-55 అనే రేడియోధార్మిక ఇనుము కనిపించిందని, అది ముఖ్యంగా చేపల నుంచి వచ్చిందని చదివాను. ఇక్కడే నాకు అర్థం కావడం లేదు. మార్షల్ దీవుల గురించి ఎక్కడ చూసినా సీజియం (బాంబు నుంచి వచ్చే మరో రేడియోధార్మిక పదార్థం), కొబ్బరికాయలు అనే ఉంటుంది. మరి ఇనుము సముద్రం వైపు నుంచి ఎందుకు వచ్చింది? నేల మీద పండినవాటిలో ఎందుకు అంతగా లేదు?

ఇంకొకటి. బ్రావో నాటికి ఏడాది వయసున్న లెకోజ్ అంజైన్ అనే పిల్లవాడు 1972లో ల్యుకేమియాతో (రక్త క్యాన్సర్‌తో) చనిపోయాడు. ఇనుము వెళ్లేది ఎముక మజ్జలోకే కదా, అందుకే ఈ రెండింటికీ సంబంధం ఉందా అని అడుగుతున్నాను. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ల్యాబ్_పెద్దాయన

అమ్మా, మంచి ప్రశ్న అడిగారు. నేను రేడియోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఐరన్-55ని కొలవడం నా రోజువారీ పనుల్లో ఒకటి, కాబట్టి నాకు తెలిసినంత రాస్తాను.

ముందు అది ఎలా పుడుతుందో చూద్దాం. సీజియం-137, స్ట్రాన్షియం-90 లాంటివి యురేనియమో ప్లుటోనియమో ముక్కలైతే వచ్చే తుక్కు. ఐరన్-55 అలా రాదు. బాంబు తొడుగు, దాని చుట్టూ ఉన్న ఉక్కు టవర్లు, బార్జిలు, వీటిలోని మామూలు ఇనుముకి న్యూట్రాన్లు తగిలితే పుడుతుంది. బికినీలో, మార్షల్ దీవుల్లోనే ఉన్న ఎనివెటాక్‌లో 1946 నుంచి 1958 వరకు మొత్తం 67 పేలుళ్లు జరిగాయి. చాలావాటిని నేలకో నీటికో ఆనుకునే పేల్చారు. 1961, 62లలో అమెరికా, సోవియట్ యూనియన్ గాల్లో చేసిన పెద్ద పరీక్షలతో ఇది భూమి అంతటా రాలింది. అందుకే 1960ల మధ్యలో అలాస్కాలో సాల్మన్, కారిబూ తినే పల్లెల వాళ్లలో కూడా మిగతా అమెరికన్ల కంటే ఎక్కువగా కనిపించింది. అంటే ఇది రోంగెలాప్‌కి మాత్రమే పరిమితమైన సంగతి కాదు. తిండిలో సముద్రం వాటా ఎక్కువైన చోటల్లా ఈ మాట వచ్చింది.

ఇక మీ అసలు ప్రశ్న. సముద్రంలో దేనికీ కొరత ఉండదని మనం అనుకుంటాం గానీ, ఇనుముకి మాత్రం అక్కడ గొప్ప కరువు. నడిసముద్రంలో పైపొర నీళ్లు లీటరు తీసుకుంటే అందులో కరిగిన ఇనుము మైక్రోగ్రాములో పదో వంతు కూడా ఉండదు. 1993లో గాలాపగోస్ దీవులకు దక్షిణాన ఓడలో ఇనుము తీసుకెళ్లి నీళ్లలో కలిపితే నాచు గబగబా పెరిగింది. ఆ నీళ్లలో జీవులు దాని కోసం అంతగా అలమటిస్తుంటాయి. అలాంటి నీళ్ల మీద కొత్తగా ఇనుము రాలితే ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) దాన్ని వదలదు. ప్లాంక్టన్‌ని చిన్న చేప తింటుంది, చిన్న చేపని పెద్ద చేప తింటుంది. చేపలో కూడా అది కాలేయంలో, ముదురు రంగు కండలో ఎక్కువ చేరుతుంది.

నేల మీద సంగతి వేరు. మామూలు మట్టిలో నూటికి కొన్ని పాళ్లు ఇనుమే ఉంటుంది. చుక్క రంగు గ్లాసు నీళ్లలో వేస్తే తెలుస్తుంది, చెరువులో వేస్తే తెలియదు కదా, ఇదీ అంతే. మా లెక్కలో దీన్ని స్పెసిఫిక్ యాక్టివిటీ అంటాం. ఒక గ్రాము ఇనుములో రేడియోధార్మికమైనది ఎంత అన్నదే ఆ లెక్క. శరీరానికి ఐరన్-55కి, మామూలు ఇనుముకి తేడా తెలియదు, రెండింటినీ ఒకేలా తీసుకుంటుంది. కాబట్టి రక్తంలోకి ఎంత చేరుతుందో చెప్పాలంటే పళ్లెంలో ఎన్ని బెక్వెరెల్ (రేడియోధార్మికత కొలత) ఉన్నాయో చూస్తే చాలదు, దానితోపాటు మామూలు ఇనుము ఎంత ఉందో కూడా చూడాలి. సముద్రపు తిండిలో ఆ రెండో అంకె చిన్నది. పగడపు దీవుల మట్టిలో కూడా ఇనుము తక్కువే, ఎక్కువ భాగం సున్నమే. కానీ అలాంటి సున్నపు మట్టిలో ఇనుము మొక్కకి తేలిగ్గా అందదు.

సీజియం విషయంలో ఇది తారుమారవుతుంది. సీజియం పొటాషియంలా నడుచుకుంటుంది. సముద్రపు నీళ్లలో పొటాషియం లీటరుకి 400 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది కాబట్టి చేప ఒంట్లోకి చేరే సీజియం తక్కువ. పగడపు మట్టిలో పొటాషియం దాదాపు లేదు కాబట్టి కొబ్బరిచెట్టు సీజియంని లాగేస్తుంది. అందుకే కొబ్బరి, మొగలిజాతి పండు, బ్రెడ్‌ఫ్రూట్ సీజియంకి దారి అయ్యాయి. చేప, ఆల్చిప్ప ఇనుముకి, జింక్-65కి, కోబాల్ట్-60కి దారి అయ్యాయి. అంటే రోంగెలాప్ మనిషి భోజనంలో రెండు దారులూ ఉన్నాయి.

కొలత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది ఇంతకాలం వెనకబడిపోవడానికి అదో కారణం. సీజియం గామా కిరణం శరీరం దాటి బయటికి వస్తుంది. మనిషిని ఉక్కు గదిలో కూర్చోబెట్టి బయటినుంచే లెక్క పెట్టొచ్చు. ఐరన్-55కి గామా లేదు. అది మాంగనీస్‌గా మారేటప్పుడు 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల బలహీనమైన ఎక్స్‌రే ఇస్తుంది. అర మిల్లీమీటరు కండ దాటేలోపే అందులో సగానికి పైగా ఆగిపోతుంది. 1954లో జపాన్ రేవుల్లో ట్యూనా చేపలకు రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ పెట్టి, పది సెంటీమీటర్ల దూరంలో నిమిషానికి వంద కౌంట్లు దాటితే పారేశారు. ఆ పద్ధతిలో ఐరన్-55 కనిపించే అవకాశమే లేదు.

కాబట్టి రక్తం తీయక తప్పదు. తీసిన రక్తాన్ని ఆమ్లంలో మరిగించి, ఉన్నదంతా కరిగించి, అందులోంచి ఇనుముని విడిగా రాబట్టాలి. అక్కడే ఒక చిక్కు ఉంది. ఇనుము ద్రావణం పసుపుపచ్చగా ఉంటుంది. మేం కొలిచేది ద్రావణానికి కలిపిన ప్రత్యేక ద్రవంలో రేడియేషన్ తగిలి పుట్టే మినుకుమినుకు వెలుగుని. ఆ పసుపు రంగు ఆ వెలుగుని మింగేస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం చుక్కలు చుక్కలుగా పోస్తూ ఉంటే ఒకచోట పసుపు విరిగిపోయి ద్రావణం నీళ్లలా తేటగా అవుతుంది. అప్పుడే దాన్ని కౌంటర్‌లో పెట్టాలి, తొందరపడితే అంకె తక్కువ చూపిస్తుంది. మొత్తం ఇనుము ఎంత ఉందో వేరేగా తేల్చుకోవాలి, అది లేకపోతే ముందు చెప్పిన స్పెసిఫిక్ యాక్టివిటీ రాదు.

ల్యుకేమియా విషయం డాక్టర్లు ఎవరైనా చెబితే బాగుంటుంది.

రక్తపరీక్ష_డాక్టర్

హెమటాలజీలో ఉన్నాను కాబట్టి ఆ భాగం నేను తీసుకుంటాను.

ఇనుము మజ్జలోకి వెళ్తుంది, నిజమే. పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం మూడు నాలుగు గ్రాముల ఇనుము ఉంటుంది, దాదాపు మూడింట రెండు వంతులు హీమోగ్లోబిన్‌లోనే. ఎర్రకణం నాలుగు నెలలు బతుకుతుంది, చచ్చాక దాని ఇనుముని ప్లీహం, కాలేయంలోని కణాలు తీసుకుని మళ్లీ మజ్జకి పంపుతాయి. బయటికి పోయేది రోజుకి ఒక మిల్లీగ్రాము మాత్రమే. ఇనుముని విసర్జించడానికి శరీరానికి ప్రత్యేకమైన దారి లేదు. అందుకే సీజియంకీ దీనికీ పెద్ద తేడా వస్తుంది. తినడం ఆపితే పెద్దవాళ్లలో సీజియం మూడు నాలుగు నెలల్లో సగానికి సగం పోతుంది. ఐరన్-55కి అర్ధాయువు (దానంతటదే సగానికి తగ్గే కాలం) 2.7 ఏళ్లు, శరీరం వదిలించుకునే వేగం కూడా కలిపితే సగమవడానికి రెండేళ్లకు కాస్త తక్కువ పడుతుంది. అంతకాలమూ అది రక్తం, మజ్జ, కాలేయం మధ్య తిరుగుతూనే ఉంటుంది.

ఇంత విన్నాక భయం వేయడం సహజం. కానీ డోసు చూడాలి. ఐసీఆర్‌పీ (రేడియేషన్ రక్షణ మీద అంతర్జాతీయ కమిషన్) లెక్క ప్రకారం పెద్ద మనిషి వెయ్యి బెక్వెరెల్ ఐరన్-55 తింటే 0.33 మైక్రోసీవర్ట్ (శరీరానికి తగిలే డోసు కొలత). అదే వెయ్యి బెక్వెరెల్ సీజియం-137 అయితే 13. సముద్రపు తిండిలో బాంబులతో పనిలేకుండా సహజంగానే ఉండే పొలోనియం-210 అయితే 1,200. ఐరన్-55 విడుదల చేసే శక్తి అంత చిన్నది.

లెకోజ్ విషయంలో చూడాల్సింది 1954 మార్చిలో ఆ రెండు రోజులు. రోంగెలాప్ వాళ్లకి పొడి నుంచి వచ్చిన గామా కిరణాలతో ఒళ్లంతా తగిలిన డోసు అప్పటి అంచనా ప్రకారం 175 రాడ్లు, అంటే 1.75 గ్రే (రెండూ రేడియేషన్ డోసు కొలతలే). ఏడాది పిల్లవాడి మజ్జకి అది చాలా పెద్ద దెబ్బ. ల్యుకేమియాకి రేడియేషన్ కారణమైతే వేలు చూపించాల్సింది అటువైపు. ఆ తర్వాత పిల్లల్లో పెరిగిన థైరాయిడ్ గడ్డలకి రేడియో అయోడిన్ కారణం. మొదటి గడ్డ 1963లో బయటపడింది. ఈ రెండింటి పక్కన ఐరన్-55 డోసు చాలా చిన్నది.

మీరు న్యూట్రిషన్ చెబుతారు కాబట్టి ఇది ఆసక్తిగా ఉంటుంది. పప్పులోంచి ఇనుము ఎంత ఒంటబడుతుంది, మాంసంలోంచి ఎంత, విటమిన్ సి తోడైతే ఎంత అని మీరు పాఠంలో చెప్పే అంకెల్లో చాలావరకు ఇదే ఐరన్-55ని, మరో రకం రేడియోధార్మిక ఇనుమైన ఐరన్-59ని జంటగా వాడి తేల్చినవి. వలంటీర్లకి ఒక భోజనంలో ఒకటి, ఇంకో భోజనంలో రెండోది కలిపి పెట్టి, రెండు వారాలాగి రక్తం తీసేవారు. తేడా ఏమిటంటే వలంటీర్లు ఒప్పుకుని తిన్నారు.

లెక్కలమనిషి

డాక్టర్ గారి అంకెలు చూశాక నాకు ఒకటే అనిపిస్తోంది. డోసు అంత తక్కువైతే ఐరన్-55 గురించి పేజీలకు పేజీలు రాయడం దేనికి? జనంలో లేనిపోని టెన్షన్ తప్ప. సీజియం, అయోడిన్ గురించి మాట్లాడుకుంటే చాలు.

ఓడ_ఇంజనీర్

లెక్కలమనిషి గారూ, మీ మాట అంకెల వరకు సరే. కానీ ఆ మనుషుల వైపు నుంచి చూస్తే వేరేలా ఉంటుంది. నేను చూసింది చెబుతాను.

మర్చంట్ నేవీలో ఇంజనీర్‌ని. చేపల క్యారియర్ ఓడ మీద ఉన్నప్పుడు మార్షల్ దీవుల రాజధాని మజురో లగూన్‌లో లంగరేసేవాళ్లం. పట్టుపడవలు పక్కకొచ్చి ఆనుకుంటాయి, గడ్డకట్టిన స్కిప్‌జాక్ ట్యూనాని వలల్లో ఎత్తి మా హోల్డ్‌లోకి (సరుకు గదిలోకి) దింపుతారు. రాళ్ల చప్పుడు చేస్తూ పడతాయి చేపలు. ప్రపంచం నలుమూలలకీ వెళ్లే డబ్బా ట్యూనాలో కొంతభాగం ఇలా అక్కడ చేతులు మారిందే. అదే ఊళ్లో కొట్లలో చూస్తే బియ్యం, డబ్బా మాంసం, చికెన్ కాళ్లు, అన్నీ దిగుమతి సరుకే. బయటి దీవుల్లో మాత్రం ఇప్పటికీ పొద్దున పట్టిన చేపే కూర.

మార్చి 1 అక్కడ సెలవు, అణు బాధితుల స్మృతి దినం. ఆ రోజు మేం రేవులోనే ఉన్నాం. రోంగెలాప్ కుటుంబానికి చెందిన ఒక పెద్దామె మా ఓడ ఏజెంట్‌కి బంధువు. మాటల్లో ఆమె అన్నది ఇది: చిన్నప్పుడు ఓడలో డాక్టర్లు వచ్చేవాళ్లు, వరసలో నిలబెట్టి రక్తం తీసేవాళ్లు, ఒంట్లో ఏముందో మాకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. ఏ చేప తినొచ్చు, ఏది వద్దు, ఒక రకం పీత తినొద్దని ఎందుకన్నారు, ఏదీ తెలిసేది కాదట. ఆవిడ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ.

ఆ పీత కొబ్బరి పీత అని తర్వాత తెలిసింది, అందులో స్ట్రాన్షియం-90 ఎక్కువగా ఉండేదని కొంతకాలం తినొద్దన్నారు. చేపలు తిని వాంతులు, తిమ్మిర్లు వస్తే అది కూడా బాంబు వల్లేనని చాలామంది అనుకున్నారు. అది సిగ్వటేరా, పగడపు దిబ్బల మీద పెరిగే ఒక సూక్ష్మజీవి విషం, రేడియేషన్ కాదు. ఈ రెండింటినీ విడదీసి వాళ్ల భాషలో చెప్పి ఉంటే ఎంత భయం తగ్గేది! డోసు తక్కువన్న సంగతి కూడా చెప్పాల్సిన సంగతే కదండీ. ఎవరి రక్తమో వాళ్లకే ముందు చెప్పాలి.

1985లో రోంగెలాప్ వాళ్లు తమంతట తామే ఊరు ఖాళీ చేసి మెజాటో దీవికి వెళ్లిపోయారు. వాళ్లు అడిగితే పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ వాళ్ల ఓడ రెయిన్‌బో వారియర్ వచ్చి తీసుకెళ్లింది. ఇళ్లు విప్పి కలపతో సహా మోసుకెళ్లారు. తిండిని నమ్మలేకే ఆ పని చేశారు.

ల్యాబ్_పెద్దాయన

ఇంజనీర్ గారి మాటకి నాదీ ఓటు. 1958లో వచ్చిన బ్రూక్‌హేవెన్ నివేదికలో, ఈ జనం ఆ దీవిలో ఉండటం వల్ల మనుషుల మీద రేడియేషన్ గురించి ఎంతో విలువైన సమాచారం దొరుకుతుందన్న అర్థం వచ్చే మాట ఉంది. ఆ మాటని మార్షల్ దీవుల వాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు, మర్చిపోవాల్సిన అవసరమూ లేదు. ల్యాబ్‌లో నా చేతికి వచ్చేది నంబరు రాసిన సీసా. ఆ నంబరు వెనక ఉన్న మనిషికి ఫలితం అందాలన్నది కొలిచేవాడి పనిలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

లెక్కలమనిషి గారూ, ఐరన్-55 డోసు కోసం కాకపోయినా చదవాల్సిన విషయమే. ఏ మూలకం ఏ దారిలో వెళ్తుందో ముందే తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. అప్పట్లో చాలామంది సముద్ర జీవుల్లో కూడా సీజియం, స్ట్రాన్షియమే ఎక్కువుంటాయని అనుకున్నారు. తీరా చూస్తే జింక్, ఇనుము, కోబాల్ట్ ముందుకొచ్చాయి. ఇవాళ ఫుకుషిమా నుంచి 2023 ఆగస్టు 24 నుంచి వదులుతున్న శుద్ధి చేసిన నీళ్లలో కొలిచే ఐసోటోపుల (రేడియోధార్మిక రకాల) జాబితాలో ఐరన్-55 కూడా ఉంది.

పోషణ_పాఠం

అందరికీ చాలా థాంక్స్. నేను అడిగిన దానికంటే ఎక్కువే దొరికింది. స్పెసిఫిక్ యాక్టివిటీ దగ్గర నా సందేహం తీరిపోయింది. డాక్టర్ గారు చెప్పిన జంట ఐసోటోపుల సంగతి పిల్లలకి కచ్చితంగా చెబుతాను.

ఇంకో రెండు అడగొచ్చా? ఇప్పుడు అక్కడి చేపల్లో ఐరన్-55 మిగిలి ఉందా? అలాగే గర్భిణులు, రక్తహీనత ఉన్నవాళ్లు ఇనుముని ఎక్కువగా పీల్చుకుంటారని మేం చెబుతాం. మరి అప్పట్లో వాళ్లకి ఎక్కువ చేరి ఉంటుందా?

ల్యాబ్_పెద్దాయన

మొదటిది తేలిక. మార్షల్ దీవుల్లో చివరి పరీక్ష 1958లో. ఇప్పటికి ఇరవై నాలుగు అర్ధాయువులు దాటాయి. అప్పుడున్న దానిలో రెండు కోట్లలో ఒక వంతు కూడా మిగలదు. అంటే అక్కడి చేపలో ఆ ఇనుము ఇక లేనట్టే. సీజియం-137 అర్ధాయువు 30 ఏళ్లు కాబట్టి అది మట్టిలో ఇంకా ఉంది. కొబ్బరిచెట్లకి పొటాషియం ఎరువు వేస్తే కాయల్లోకి సీజియం బాగా తగ్గుతుందని అక్కడే ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి చూపించారు.

రక్తపరీక్ష_డాక్టర్

రెండోదానికి అవుననే చెప్పాలి. నిల్వలు తగ్గినప్పుడు పేగు ఇనుముని ఎక్కువ శాతం లోపలికి రానిస్తుంది. ఐరన్-55 అయినా అంతే, కాబట్టి అదే చేప కూర తిన్నా రక్తహీనత ఉన్న ఆడవాళ్ల ఒంట్లోకి ఎక్కువ భాగం చేరుతుంది. అయితే నెలసరిలో రక్తంతోపాటు కొంత బయటికి కూడా పోతుంది, కాబట్టి మగవాళ్లతో పోల్చేటప్పుడు రెండూ చూడాలి. గర్భంలో బిడ్డకి తల్లి నుంచి దాదాపు 300 మిల్లీగ్రాముల ఇనుము మాయ ద్వారా వెళ్తుంది. తల్లి రక్తంలో ఐరన్-55 ఎంత పాళ్లలో ఉంటే బిడ్డకి వెళ్లే ఇనుములోనూ దాదాపు అదే పాళ్లలో ఉంటుంది. పాలలో మాత్రం ఇనుము చాలా తక్కువ, లీటరుకి మిల్లీగ్రాములో సగం కూడా ఉండదు. కాబట్టి తల్లి నుంచి బిడ్డకి చేరినదాంట్లో ఎక్కువ భాగం పుట్టకముందే చేరి ఉంటుంది.